పది అడుగుల గదిలో పాకాల జంక్షన్

తిరుపతిలో ఎవరైనా లేఅవుట్ అన్న మాట ఎత్తితే, వినేవారికి రేణిగుంట రోడ్డు పక్కన రాళ్లు పాతిన ఇళ్ల స్థలాలే కళ్లముందు మెదులుతాయి. ఈ వ్యాసంలో చెప్పబోయే లేఅవుట్ వేరు. ఇంట్లో ఒక గదిలో, చెక్క బల్లలమీద, అసలు కొలతలను ఒకే నిష్పత్తిలో కుదించి కట్టుకునే రైలుమార్గానికి కూడా ఆ వ్యాపకం ఉన్నవారు అదే పేరు పెట్టుకున్నారు. దసరాకు మెట్లు కట్టి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో పెరిగినవారికి ఇంట్లో ఒక చిన్న లోకాన్ని అమర్చుకోవడం వింతగా తోచదు. అయితే కొలువులో పెట్టిన బొమ్మ పెట్టిన చోటే ఉంటుంది. ఇక్కడ బొమ్మ నడవాలి, మలుపు తిరగాలి, ఆగాలి, వెనక్కి రావాలి. పట్టా తప్పినప్పుడు మన చేయి దాన్ని అందుకోగలగాలి. ఈ వ్యాపకంలోని చిక్కులన్నీ ఆ నడక నుంచి పుట్టేవే.

చాలామంది మొదలుపెట్టే తీరు ఒకటే. పెట్టెలో వచ్చే బొమ్మరైలు సెట్టు కొంటారు, ఒక ప్లైవుడ్ పలకమీద పట్టాలను కోడిగుడ్డు ఆకారంలో బిగిస్తారు, తరువాత మధ్యలో ఖాళీ కనిపించిన చోటల్లా మరో లైను, మరో సొరంగం చేరుస్తూ పోతారు. కొన్నాళ్లకు పెద్ద పెట్టెలు మలుపులో పట్టా తప్పుతాయి, పలక నడుమ ఆగిపోయిన ఇంజిన్ చేతికి అందదు, స్టేషన్‌లో నాలుగు పెట్టెలకు మించి నిలవవు. వీటిలో ఏ ఒక్కదాన్ని సరిచేయబోయినా మిగిలినవి అడ్డం వస్తాయి. ఎందుకంటే నిష్పత్తి, గది పొడవు, రైలు పొడవు, మలుపు వ్యాసార్ధం, చేయి అందే దూరం అనే ఐదు కొలతలు ఒకే తాడుకు వేసిన ముడుల వంటివి. ఒకటి లాగితే మరొకటి బిగుస్తుంది. అందువల్ల పట్టాల బొమ్మ గీయడం చివరి పని కావాలి. మొదట తేల్చుకోవలసినవి మన గదిలో నిలవగలిగే అతి పొడవైన రైలు ఎంత, మన చేయి ఎంత దూరం పోతుంది అన్న రెండే.

నిష్పత్తి, గేజి అనే రెండు మాటలను కలిపేయడం వల్ల మొదటి గందరగోళం వస్తుంది. నిష్పత్తి అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించామన్నది. గేజి అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. ప్రపంచంలో ఎక్కువగా వాడే హెచ్‌ఓ నిష్పత్తి 87వ వంతు, దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఎన్ నిష్పత్తి 160వ వంతు, పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. ఈ రెంటి నడుమ 120వ వంతు, 12 మిల్లీమీటర్ల టీటీ ఉంది. ఎన్ కంటే చిన్నదిగా 220వ వంతు, 6.5 మిల్లీమీటర్ల జెడ్ ఉంది. బ్రిటన్‌లో మాత్రం 76వ వంతు పెట్టెలను హెచ్‌ఓకు చెందిన 16.5 మిల్లీమీటర్ల పట్టాలమీదే నడుపుతారు, దాన్ని ఓఓ అంటారు. లెక్క ప్రకారం అక్కడ పట్టాల వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ తరాలుగా ఆ తేడాతోనే సర్దుకుపోయారు.

ఈ లెక్కలన్నీ 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజికి కట్టినవని మనవాళ్లు తరచుగా మరచిపోతారు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాలమీద మన రైలు పెట్టెను నిలబెడితే చక్రాలు దాదాపు 3 మిల్లీమీటర్లు లోపలికి ముడుచుకుని కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే తెలుస్తుంది. దీనికి ఒక దారి కళ్లు మూసుకుని ఒప్పుకోవడం, నిజానికి అత్యధికులు చేసేది అదే. రెండో దారి పట్టాలను సొంతంగా 19 మిల్లీమీటర్ల దూరంలో వేసుకోవడం. అప్పుడు ప్రతి పాయింటునూ (ఒక లైను రెండుగా చీలే చోట వేసే పట్టాల అమరికను) చేత్తోనే తయారు చేసుకోవాలి, ప్రతి ఇంజిన్ ఇరుసునూ మార్చుకోవాలి. ఆ శ్రమకు ఓర్చేవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

పాత మీటర్ గేజ్ మీద మనసున్నవారిని మాత్రం అదృష్టం వరించింది. 1000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5 వస్తుంది. టీటీ కోసం తయారయ్యే 12 మిల్లీమీటర్ల గేజితో దానికి తేడా అర మిల్లీమీటరే. స్విట్జర్లాండ్‌లో మీటర్ గేజ్ కొండ రైళ్లు ఇప్పటికీ నడుస్తున్నందువల్ల అదే వెడల్పులో, స్లీపర్ల దూరం కూడా సరిపోయేలా ప్రత్యేకమైన పట్టాలు యూరప్‌లో తయారవుతున్నాయి. ఎన్ నిష్పత్తిలో చూసినా 1000ని 160తో భాగిస్తే 6.25, అంటే జెడ్ పట్టాలు దాదాపు సరిపోతాయి. మన జిల్లాల రైల్వే చరిత్రకు ఈ అంకెలు చక్కగా అతుకుతాయి. మద్రాసు నుంచి రేణిగుంటకు 1862లో వచ్చిన లైను బ్రాడ్ గేజ్ అయితే, కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి, గూడూరులను కలుపుతూ 1890ల తొలినాళ్లలో సౌత్ ఇండియన్ రైల్వే వేసింది మీటర్ గేజ్. పాకాల నుంచి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం పోయే దారి కూడా అదే. ఇప్పుడు ఆ దారులన్నీ బ్రాడ్ గేజ్‌గా మారాయి. వైపీ, వైజీ ఆవిరి ఇంజిన్లనూ, వాటి వెనుక వచ్చిన వైడీఎం-4 డీజిల్ ఇంజిన్లనూ ఈ దారులమీద చూసిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

ఇక పొడవుల లెక్క చూద్దాం. ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైళ్లలోని ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఆ మూడక్షరాలు జర్మనీకి చెందిన లింకే-హాఫ్‌మన్-బుష్ సంస్థ పేరుకు పొడి అక్షరాలు) సుమారు 24 మీటర్లు ఉంటుంది. హెచ్‌ఓలో అది 27.6 సెంటీమీటర్లు. తిరుపతి ప్లాట్‌ఫాం నిండా నిలిచే 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్‌ను ఇంజిన్‌తో సహా హెచ్‌ఓలో కడితే దాదాపు 6.9 మీటర్లవుతుంది. మన అపార్ట్‌మెంట్లలో పిల్లల గది పది అడుగులు, అంటే మూడు మీటర్ల చిల్లర. ఎన్ నిష్పత్తికి దిగినా ఆ రైలు పెట్టెలే 3.6 మీటర్లుంటాయి కాబట్టి గోడకు గోడ ఆనినా చాలదు. తిరుపతి స్టేషన్‌ను ఉన్నదున్నట్టు ఇంట్లో కడదామన్న కోరిక ఈ ఒక్క భాగహారంతో ఆగిపోతుంది. అదే మీటర్ గేజ్ కాలపు ప్యాసింజర్‌ను తీసుకుంటే సుమారు 19.5 మీటర్ల పెట్టె హెచ్‌ఓలో 22, 23 సెంటీమీటర్లకు దిగుతుంది. ఐదు పెట్టెలు, ఒక వైడీఎం-4 కలిపి 1.3 మీటర్లు చాలు. పైగా ఐదు పెట్టెల ప్యాసింజర్ చూసేవారికి కత్తిరించిన రైలులా అనిపించదు, చిన్న దారుల్లో అసలు బండే అలా ఉండేది.

మలుపు సంగతి ఇంకా కఠినమైనది. అసలు రైల్వేలో మలుపులు ఎంత విశాలంగా ఉంటాయంటే, వాటిని నిజాయితీగా కుదిస్తే ఒక్క మలుపుకే కల్యాణ మండపం కావాలి. అందువల్ల ఈ వ్యాపకంలో అందరూ మలుపు విషయంలో అబద్ధమాడక తప్పదు, ఎంతవరకు ఆడవచ్చన్నదే ప్రశ్న. అనుభవం మీద స్థిరపడిన కొలత ఒకటుంది. మలుపు వ్యాసార్ధం అతి పొడవైన పెట్టెకు కనీసం రెండున్నర రెట్లు, వీలైతే మూడు రెట్లు ఉండాలి. రెండు రెట్లకు దిగితే కప్లింగులను (పెట్టెలను జతచేసే కొక్కేలను) పెట్టె నేలకు కాక కింది బోగీకి బిగిస్తే తప్ప రైలు నిలవదు. (వాడుకలో మనం పెట్టెనే బోగీ అంటాం కానీ, రైల్వేవాళ్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద చక్రాలను మోసే చట్రం.) మూడు రెట్ల లెక్కన హెచ్‌ఓలో ఎల్‌హెచ్‌బీ పెట్టెకు 83 సెంటీమీటర్ల వ్యాసార్ధం కావాలి. ఆ రైలు వెనక్కి తిరిగి రావాలంటే 1.66 మీటర్ల వెడల్పు, అంచులు కలుపుకుంటే 1.8 మీటర్ల బల్ల కావాలి.

1.8 మీటర్ల బల్లను గోడకు ఆనించి వేస్తే ఏమవుతుంది? నిలబడి వంగిన మనిషి చేయి సౌకర్యంగా అందేది 75 సెంటీమీటర్లు, బల్ల రొమ్ము ఎత్తున ఉంటే 60 కూడా కష్టమే. ఆ దూరానికి అవతల పట్టాలు వేస్తే, పట్టా తప్పే స్థలం కచ్చితంగా అక్కడే ఉంటుంది. కాబట్టి బల్ల నడుమ మనిషి దూరే రంధ్రం వదలాలి, లేదా బల్లను గది మధ్యకు లాగి చుట్టూ తిరిగే దారి విడవాలి. పదడుగుల గదిలో ఆ రెండూ చేస్తే మంచానికి చోటుండదు, ఇంట్లో మాటా ఉండదు. నేను చూసిన లేఅవుట్లలో మధ్యలోనే వదిలేసినవాటికి డబ్బు కంటే ఈ అందని మూలే పెద్ద కారణం. గుండ్రంగా తిరుగుతూనే ఉండే రైలు కావాలనుకునేవారికి ఎన్ నిష్పత్తి తగినది, అందులో ఎల్‌హెచ్‌బీ పెట్టెకు 45 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక మీటరు బల్ల చాలుతుంది, రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది.

గుండ్రంగా తిరగకపోతే రైలు ఎక్కడికి పోవాలన్నది తరువాతి ప్రశ్న. తిరుపతి నుంచి రేణిగుంట సుమారు 10 కిలోమీటర్లు, హెచ్‌ఓలో అది 115 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలును అదే నిష్పత్తిలో నడిపితే సెకనుకు 19 సెంటీమీటర్లు కదులుతుంది, మన మూడు మీటర్ల గోడను 16 సెకన్లలో దాటేస్తుంది. అంటే రెండు ఊళ్లను ఒకే గదిలో పెట్టి వాటి నడుమ ప్రయాణం చూపిద్దామనుకోవడం వృథా. ఒక్క ఊరినే తీసుకుని, మిగిలిన ప్రపంచాన్ని తెర వెనుక దాచాలి. చిత్తూరు పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో రాత్రి వీధి నాటకం చూసినవారికి ఈ పద్ధతి విడమరచనక్కరలేదు. పాత్ర తెర వెనుక నుంచి వస్తుంది, పని ముగించుకుని తెర వెనక్కే పోతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో పద్యం చెబుతుంది. లేఅవుట్‌లో కూడా కొండ గుట్ట వెనుకో, గోడ బొమ్మ వెనుకో నాలుగు లైన్ల యార్డు ఒకటి ఉంచుతారు. కాట్పాడి నుంచి వచ్చే బండి నిజానికి ఆ యార్డు నుంచే వస్తుంది, ధర్మవరం పోయేది అక్కడికే చేరుతుంది.

ఈ కొలతలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు పాకాల తట్టింది. మూడు దారులు కలిసే చోటు కావడంతో అక్కడ పని ఎక్కువ, మీటర్ గేజ్ కాలానికి వెళితే రైళ్లు పొట్టివి. హెచ్‌ఓ నిష్పత్తి, 12 మిల్లీమీటర్ల పట్టాలు అనుకుందాం. స్టేషన్‌ను ఒక గోడ వెంట 45 సెంటీమీటర్ల వెడల్పు బల్లమీద పెడతాం. 1.3 మీటర్ల రైలు నిలిచే లూప్ లైనుకు (ప్రధాన లైను నుంచి విడిపోయి మళ్లీ అందులోనే కలిసే లైనుకు) రెండు చివరలా పాయింట్లు, వాటి పక్కన పెట్టెలు ఒరుసుకోకుండా వదిలే ఖాళీ కలిపితే రెండు మీటర్లవుతుంది. గోడలో మిగిలిన మీటరు మూల మలుపుకు పోతుంది. అక్కడ 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం పడుతుంది, మీటర్ గేజ్ పెట్టెకు అది రెండున్నర రెట్లు దాటుతుంది. రెండో గోడ వెంట తెర వెనుక యార్డు. స్టేషన్ అవతలి చివర లైనును, తలుపు వైపు గోడకు ఆనించే మీటరున్నర తాత్కాలిక పలకమీదికి పొడిగించి, ఆడిన తరువాత తీసి మంచం కింద పెట్టవచ్చు. ఏ దారి స్టేషన్‌కు ఏ వైపు నుంచి వస్తుందో, గూడ్స్ షెడ్డు ఎక్కడ ఉండేదో ఊరికి వెళ్లి చూసి, పాతవాళ్లను అడిగి నోటు పుస్తకంలో గీసుకోవాలి. అన్నీ పెట్టలేం. రెండో ప్లాట్‌ఫాం తీసేసినా పాకాల పాకాలగానే ఉంటుంది, దారులు చీలే చోటును తీసేస్తే మాత్రం అది దామలచెరువో, పనబాకమో అయిపోతుంది.

ఇంత చోటు కూడా లేనివారికి ఒక చిన్న మార్గం ఉంది. అలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే అమరికలో రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు (వ్యాగన్లు నిలిపే మొండి లైన్లు) మాత్రమే ఉంటాయి. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు, మిగిలిన రెంటిలో మూడేసి పడతాయి. ఇంజిన్ నిలిచే లైనులో ఇంజిన్, దానితో మూడు వ్యాగన్లు పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లకు చీట్లు రాసి, ఐదు తీసి, చీట్లు వచ్చిన వరుసలోనే రైలు కూర్చాలి. ఎనిమిదింటిలో ఐదింటి వరుసలు 6,720 కాబట్టి ఆట అంత తొందరగా పాతబడదు. సుమారు 10.7 మీటర్ల బాక్స్‌ఎన్ అనే గూడ్స్ వ్యాగన్ ఎన్ నిష్పత్తిలో 6.7 సెంటీమీటర్లే కనుక ఈ అమరిక ఒక మీటరు పొడవులో, షోకేసు పైన ఇమిడిపోతుంది. షంటింగ్ అంటే (వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపి వరుస మార్చే పని) ఏమిటో, ఇంజిన్ నెమ్మదిగా నడవడం ఎంత ముఖ్యమో నేర్పడానికి ఇంతకు మించిన బడి లేదని నా అభిప్రాయం.

బొమ్మ గీసే పని ఇప్పుడు మొదలవుతుంది. కాగితంమీద పాయింటును ఒక చిన్న గీతగా గీయడం వల్ల అందరూ అత్యాశకు పోతారు. అసలు రైల్వేలో ప్యాసింజర్ లైన్లకు 12లో ఒకటి, యార్డులకు 8.5లో ఒకటి కోణంగల పాయింట్లు వాడతారు (12లో ఒకటి అంటే 12 పాళ్లు ముందుకు పోయేసరికి ఒక పాలు పక్కకు తప్పుకునేది). నమూనాలో ఆరులో ఒకటి అంటేనే విశాలమైనదని లెక్క, అయినా అది 20 సెంటీమీటర్ల పైన తింటుంది. కాబట్టి మిద్దెమీదికి వెళ్లి అసలు కొలతలోనే ముగ్గుపిండితో గీసి చూడమని నా సలహా. పాయింట్లను జిరాక్స్ తీసి ఆ గీతలమీద పరచి, అట్టముక్కలను పెట్టెల పొడవుకు కత్తిరించి నిలబెడితే, కాగితంమీద పట్టిన ఆరు లైన్లలో మూడే మిగులుతాయి. ఎడమ మలుపు ముగిసిన వెంటనే కుడి మలుపు వచ్చిన చోట్లు కూడా అప్పుడే కంటబడతాయి. అలాంటి చోట రెండు మలుపుల నడుమ ఒక పెట్టె పొడవైనా తిన్నని పట్టా లేకపోతే, పక్క పెట్టెలు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి. ఎగుడుదిగుళ్ల విషయంలో ఒక్క మాట చాలు. వంద సెంటీమీటర్లకు రెండు సెంటీమీటర్ల ఎత్తు మించకూడదనుకుంటే, ఒక లైనుమీదుగా మరొకటి దాటడానికి కావలసిన 7 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కడానికే మూడున్నర మీటర్లు కావాలి. పదడుగుల గదిలో వంతెన కల మానుకోవడం మంచిది.

విద్యుత్తు దగ్గర చాలామంది జంకుతారు, నిజానికి ఇందులో తెలుసుకోవలసింది కొద్దే. సాధారణ డీసీ పద్ధతిలో రెండు పట్టాలే రెండు తీగలు. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్‌లు మారిస్తే దిశ మారుతుంది, గరిష్ఠం 12 వోల్టులు. ఒకే పట్టామీద రెండు ఇంజిన్లుంటే రెండూ కలిసే కదులుతాయి కాబట్టి, లైన్లను విడి భాగాలుగా తెంపి ఒక్కోదానికి ఒక స్విచ్చు పెట్టాలి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాలలో వోల్టేజీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, దానితోపాటే ఆజ్ఞలు సంకేతాలుగా ప్రవహిస్తాయి, ప్రతి ఇంజిన్‌లోని డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. ఒక్క మనిషి, ఒకసారికి ఒక్క ఇంజిన్ నడిపే పాకాలకు డీసీ చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆడేటట్టయితే, లేదా ఇంజిన్ కూత, డీజిల్ రొద వినాలన్న మోజు ఉంటే డీసీసీకి పెట్టిన ఖర్చు దండగ కాదు. రెంటిలో దేనికైనా గోడ ప్లగ్గులోని 230 వోల్టులను దించే పరికరం తయారుగా కొన్నదై ఉండాలి, బల్ల కిందికి పోయేది తక్కువ వోల్టేజీ తీగ మాత్రమే కావాలి.

పట్టాల ముక్కలను కలిపే చిన్న రేకు జాయింట్లు కొత్తలో కరెంటును బాగానే మోస్తాయి, దుమ్మూ తుప్పూ పట్టాక మొండికేస్తాయి. అందువల్ల బల్ల కింద ఇళ్ల వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు రెండు పొడవునా వేసి, ప్రతి పట్టా ముక్కకూ విడిగా సన్నని తీగ సోల్డర్ చేసి వాటికి కలపాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇది దాటేసినవారు తరువాత నెలల తరబడి ఇంజిన్లను వేలితో తోస్తూ కూర్చుంటారు. పట్టాలు ఏ లోహంతో చేసినవో కూడా చూసుకోవాలి. ఉక్కు పట్టా తుప్పుపడుతుంది, ఇత్తడి పట్టామీద ఏర్పడే పొర కరెంటును ఆపుతుంది. నికెల్ సిల్వర్ అనే లోహం మంచిది, అది మరేమిటో కాదు, పూజ సామాన్ల దుకాణాల్లో మనకు పరిచయమైన జర్మన్ సిల్వరే. పేరులో తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింక్ మాత్రమే ఉంటాయి.

అసలైన చిక్కు ఒకటుంది, ఎంతో అనుభవం ఉన్నవారినీ అది బోల్తా కొట్టిస్తుంది. ఒక లైను పాయింటు దాటి గుండ్రంగా తిరిగి అదే పాయింటులోకి వచ్చి కలిసిందనుకుందాం. రైలు వెనుదిరగడానికి అంతకంటే సులువైన ఉపాయం లేదు. కానీ ఎడమ పట్టామీద వేలు పెట్టి గుండ్రం వెంట నడిపితే, తిరిగి వచ్చేసరికి అది కుడి పట్టాను తాకుతుంది. ఎడమది ప్లస్, కుడిది మైనస్ కాబట్టి రెండూ కలిసిన క్షణమే షార్ట్ సర్క్యూట్. మెలికల ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరిగి తననే దాటుకుపోయినట్టు, ఇక్కడ పట్టా తన జతను చేరుకుంటుంది. ఇంజిన్‌ను తిప్పడానికి వేసే త్రికోణంలోనూ, కోడిగుడ్డు ఆకారానికి అడ్డంగా వేసే ఏటవాలు లైనులోనూ ఇదే దాగి ఉంటుంది. బొమ్మలో రెండు పట్టాలనూ ఎరుపు, నీలం పెన్సిళ్లతో విడిగా గీస్తే ఎక్కడ ఎరుపు నీలాన్ని తాకిందో వెంటనే కనబడుతుంది. పరిష్కారం ఏమిటంటే, ఆ గుండ్రంలో అతి పొడవైన రైలు పట్టేంత భాగాన్ని రెండు చివరలా, రెండు పట్టాలనూ తెంపి వేరుచేయాలి. ఆ భాగానికి డీసీలో అయితే ప్లస్ మైనస్‌లను తారుమారు చేసే డీపీడీటీ స్విచ్చు, డీసీసీలో అయితే అదే పనిని తనంతట తానే చేసే ఆటో రివర్సర్ పెట్టాలి. డీసీసీలో ఈ బెడద ఉండదని అనుకుని కొనేవారున్నారు, అది పొరపాటు. మన పాకాలలో యార్డు లైన్లు మొండిగా ముగుస్తాయి కనుక ఈ సమస్యే రాదు, ఆ యార్డును గుండ్రంగా మార్చాలన్న ఆలోచన వచ్చిన నాడే వస్తుంది.

బల్లల విషయంలో మన వాతావరణం పుస్తకాలు చెప్పని పాఠాలు నేర్పుతుంది. నేను మొదటిసారి పట్టాలు వేసింది డిసెంబరులో, ముక్కల మధ్య సందు వదలకుండా, నున్నగా కనిపించాలన్న తాపత్రయంతో. మే నెలకల్లా కిటికీ పక్క లైను పాములా మెలికలు తిరిగింది. కారణం తరువాత లెక్క వేసుకున్నాను. మూడు మీటర్ల పట్టా 25 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే సాగుతుంది, అది ఒక్కటే అయితే పెద్ద ముప్పు లేదు. కానీ చెక్కను కదిలించేది వేడి కంటే ఎక్కువగా తేమ. ఈశాన్య రుతుపవనాలు మనల్ని తడిపే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెక్క ఉబ్బి ఉంటుంది, వేసవిలో ఎండి ముడుచుకుంటుంది. వానల్లో వేసిన పట్టా ఎండల్లో పొడవెక్కుతుంటే, కింద బల్ల పొట్టిదవుతుంది. అదే ఏప్రిల్, మే నెలల్లో వేస్తే ఆ తరువాత జరిగేదంతా సందులు కొద్దిగా విచ్చుకోవడమే, ప్రతి ముక్కకూ విడి తీగ ఉంటే దానివల్ల నష్టం లేదు. మిద్దెమీది రేకుల గదిని మాత్రం ఈ పనికి తలపెట్టవద్దు. ప్లైవుడ్ నీటికి తట్టుకునే రకం తీసుకుని, కోసిన అంచులకు కూడా వార్నిష్ పట్టించి, కాళ్లు నేలకు నేరుగా తగలకుండా కట్టుకుంటే చెదల బాధ తగ్గుతుంది. అద్దె ఇళ్లలో ఉండేవారు ఏ బల్లా 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు దాటకుండా, బోల్టులతో విడదీయగలిగేలా చేసుకోవాలి. తలుపులోంచి, మెట్ల మలుపులోంచి బయటికి రాని లేఅవుట్‌కు ఇల్లు మారే రోజున రంపమే గతి.

పట్టాలు బిగించాక కొండలు, చెట్లవైపు చూడకుండా పరీక్షలు చేయాలి. కరెంటు ఇచ్చి, గది నలుమూలలా రెండు పట్టాలమీద అడ్డంగా రూపాయి బిళ్ల పెట్టి చూడాలి. 12 మిల్లీమీటర్ల గేజిమీద బిళ్ల సులువుగా రెంటినీ తాకుతుంది. ఎక్కడ పెట్టినా కంట్రోలర్ (రైలు వేగం, దిశ మార్చే పెట్టె) వెంటనే కరెంటు ఆపేయాలి, ఆపకపోతే ఆ దరిదాపుల్లో తీగ సరిగా అతకలేదని అర్థం. తరువాత అతి పొడవైన పెట్టెను ముందు పెట్టి, ఇంజిన్‌తో వెనుకనుంచి తోయిస్తూ ప్రతి పాయింటునూ దాటించాలి. లాగినప్పుడు దాగిపోయే లోపాలు తోసినప్పుడు బయటపడతాయి. ఒక వానకాలం, ఒక ఎండకాలం ఇలా గడిచేదాకా కంకర పోయకపోవడం ఉత్తమం, పోశాక పట్టాను కదిపే వీలుండదు.

కంకరకు అంగడి సరుకు అక్కరలేదు. అసలు లైనులో వాడే 65 మిల్లీమీటర్ల రాయి హెచ్‌ఓలో మిల్లీమీటరులో ముప్పావు వంతే, మన క్రషర్ల దగ్గర దొరికే రాతిపొడిని టీ వడపోతతో జల్లిస్తే ఆ పరిమాణం వస్తుంది. జల్లించిన పొడిలో అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయాలి, లేకపోతే అది ఇంజిన్ మోటారులోకి చేరుతుంది. పట్టాల మధ్య పొడిని మెత్తని బ్రష్‌తో సర్ది, ముందు నీళ్లు పిచికారీ చేసి, తరువాత ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి, మందు చుక్కలు వేసే ఫిల్లరుతో పోయాలి. ఆ సబ్బు చుక్క లేకపోతే జిగురు పొడిలోకి ఇంకకుండా పైనే ముత్యాల్లా దొర్లుతుంది. పాయింట్ల కదిలే నాలుకల దగ్గరికి మాత్రం ఒక్క చుక్క కూడా చేరనివ్వకూడదు. మే నెలలో ఒక్క రాత్రికే గట్టిపడుతుంది. నవంబరు ముసురులో అయితే మూడు రోజులైనా ఆగి, పట్టాల తలలను గుడ్డతో తుడిచి, అప్పుడు మొదటి బండి వదలాలి.